మా టీవీ రాత్రిపూట ఎక్కాలు చదివిన సంగతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబు రాయడంలో ఇంత ఆలస్యం చేసినందుకు ముందుగా నన్ను క్షమించాలి. తిట్లు సిద్ధం చేసుకుని ఉంటే వాటిని కాసేపు ఆపు, ఈ ఉత్తరం చదివాక ఎలాగూ ఇంకొన్ని కలుస్తాయి. ఇక్కడ అందరం క్షేమం. మావాడి పరీక్షలు అయిపోయాయి, నా నడుము నొప్పి తగ్గింది, మా ఆవిడ నిన్ను అడిగినట్టు రాయమంది. కుశలాలు ఇంతటితో సరి, ఎందుకంటే మూడు వారాలుగా నీకు చెప్పక కడుపు ఉబ్బిపోతున్న సంగతి ఒకటి ఉంది.

ఆ రోజు రాత్రి పదకొండు దాటింది. దీపాలన్నీ ఆర్పేశాం. నిద్ర పట్టీ పట్టని వేళ ముందుగదిలో ఎవరో చిన్నపిల్ల గొంతెత్తి "రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు" అని రాగం తీయడం వినిపించింది. మా ఆవిడ నా భుజం పట్టుకుని కుదిపింది. చేతికి దొరికిన గొడుగు పట్టుకుని (నవ్వకు, గొడుగు నాకు అచ్చివచ్చిన ఆయుధమని నీకు తెలియనిది కాదు) వెళ్ళి చూద్దును కదా, మేము ఆపేసిన టీవీ తనంతట తాను వెలిగి, తెర నిండా అంకెలు గెంతుతుండగా ఎక్కాలు చదువుతోంది. రిమోట్ నొక్కి ఆపాను. అరనిమిషం గడిచిందో లేదో మళ్ళీ వెలిగింది, ఈసారి పదమూడో ఎక్కంతో. పదమూడో ఎక్కం వినగానే బల్ల ఎక్కి నిలబడిన ఒక మహానుభావుడు నా కళ్ళ ముందు మెదిలాడు. ఆయనెవరో నీకు వేరే రాయనక్కర్లేదు. మూడోసారి వెలిగినప్పుడు తెర మూలన చిన్న అక్షరాలలో ఒక ఫోన్ పేరు కనిపించింది. అది మా పక్కింటి బాబాయిగారి ఫోను.

అప్పటికి విషయం కొంత అర్థమైంది. ఆరు నెలల కిందట వాళ్ళ ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు, మనవరాలి పాఠాలు పోతున్నాయని, రెండు రోజులు మా వై-ఫై వాడుకోనిమ్మని బాబాయిగారు అడిగారు. నేను మరో ఆలోచన లేకుండా పాస్‌వర్డ్ చెప్పేశాను. ఆ రెండు రోజులు ఎప్పుడు అయిపోయాయో ఆయనా అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. ఒకే వై-ఫైలో ఉన్న ఫోనుకు మా టీవీ కూడా సొంత టీవీలాగే కనిపిస్తుంది. ఆ పాప నిద్రపోక మారాం చేస్తుంటే వాళ్ళ టీవీలో వేయబోయి మా టీవీని ఎంచుకున్నారట. వాళ్ళ టీవీలో బొమ్మ రాలేదని మళ్ళీ మళ్ళీ నొక్కారట. నేను ఇవతల ఆపుతున్నకొద్దీ ఆయన అవతల వెలిగిస్తున్నారన్న మాట. ఇది తెలిశాక మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ నవ్వు తెల్లారేదాకానే నిలిచింది. ఉదయాన్నే కంప్యూటర్‌లో 192.168.1.1 కొట్టి, ఇంట్లో వై-ఫై పంచే రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచాను. మొట్టమొదటి సిగ్గు అక్కడే ఎదురైంది: లోపలికి వెళ్ళే పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. పెట్టెలోంచి తీసిన నాటి నుంచి నేను దాన్ని మార్చనేలేదు. అంటే మా వై-ఫైలోకి వచ్చిన ఎవరైనా సరే, ఓపిక ఉంటే, నన్నే బయటికి నెట్టి తలుపు వేసుకోగలిగేవారు. రెండో సంగతి ఇంకా ఘోరం. కలిసి ఉన్న పరికరాల జాబితాలో పంతొమ్మిది వరసలు ఉన్నాయి. మా ఇంట్లో ఉన్నవి ఆరు.

ఆ ఆరూ ఏవో తేల్చడమే ఒక పూట పట్టింది. కొన్నింటికి ఫోన్ మోడల్ పేరు ఉంది, కొన్నింటికి అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా తప్ప మరేమీ లేదు. ఈ మధ్యకాలపు ఫోన్లు, అంటే ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి వచ్చినవి, తమ అసలు మ్యాక్ చిరునామాను (ప్రతి పరికరానికీ తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్యను) చూపకుండా ఒక్కో వై-ఫైకి ఒక్కో కల్పిత చిరునామా చూపిస్తాయని నాకు తెలుసు గానీ, మా ఆవిడ ఫోను కూడా నాకు ముఖం చాటేస్తుందని అనుకోలేదు. చివరికి ఆమె వంటగదిలో నిలబడి ఒక్కో పరికరం ఆపుతూ "ఆపాను" అని కేకేస్తే, నేను ఇవతల పేజీ మళ్ళీ తెరిచి ఏ వరస మాయమైందో చూస్తూ, కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాను. అన్నీ ఆపేశాక కూడా పదమూడు మిగిలాయి. (మళ్ళీ పదమూడు! ఆ అంకె మనల్ని వదలదు.)

ఆ పదమూడింటిలో బాబాయిగారి ఇంటివి నాలుగే. మిగతావి ఎవరివో తెలుసుకోవడానికి నేను డిటెక్టివ్ పని చేయనక్కర్లేకపోయింది, ఆయనే ఏ దాపరికమూ లేకుండా చెప్పేశారు. వాళ్ళ అల్లుడు వచ్చినప్పుడు తన ఫోన్‌లో మా వై-ఫై క్యూఆర్ కోడ్ తెరిచి పైవాటా కుర్రాళ్ళకు చూపించాడట. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందనే పాస్‌వర్డ్ కూడా మామూలు అక్షరాలలో కనిపిస్తుంది. కుర్రాళ్ళు తమ స్నేహితులకిచ్చారు, ఆ స్నేహితులు... ఆ తర్వాతి వంశవృక్షం బాబాయిగారికీ తెలియదు. "మంచినీళ్ళ లాంటిదే కదయ్యా, వాడుకుంటే తరిగిపోతుందా" అన్నారాయన. ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు తోచకపోయినా భయం మాత్రం పట్టుకుంది. వేగం తగ్గడం గురించి కాదు, అది చిన్న సంగతి. మా రౌటర్ వెనక ఎంతమంది ఉన్నా బయటి ప్రపంచానికి కనిపించేది ఒక్కటే ఇంటర్నెట్ చిరునామా, అది నా పేరున ఉన్న కనెక్షన్‌ది. ఆ పదమూడింటిలో ఏ ఒక్కడు ఎవరినైనా బెదిరిస్తూ రాసినా, చూడకూడనిది దించుకున్నా, ముందుగా తట్టేది నా తలుపే. ఆ పని చేసింది నేను కాదని నిరూపించుకోవాల్సిందీ నేనే. పైగా మేము సంతకం పెట్టిన ఒప్పందం తీసి చదివితే, కనెక్షన్ ఇంటివాళ్ళు తప్ప ఇతరులు వాడరాదని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఇక లోపలి సంగతి చెబితే నువ్వు తిడతావు. నా ల్యాప్‌టాప్‌లో ఇంటి పత్రాల స్కాన్లన్నీ ఉన్న ఫోల్డర్‌ను ప్రింటర్ సౌకర్యం కోసం పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచి పెట్టాను. ఎవరూ చూసినట్టు ఆనవాలు లేదు. అయితే చూస్తే ఆనవాలు మిగిలేదా అని ఆలోచించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అనే వై-ఫై రక్షణ పద్ధతిలో ఇంటిల్లిపాదికీ పాస్‌వర్డ్ ఒకటే. అది తెలిసినవాడు, మన ఫోను రౌటర్‌తో చేయి కలిపే క్షణాన్ని గాలిలో పట్టుకోగలిగితే, ఆ తర్వాత మనం పంపేదాని గుట్టు విప్పగలడు. బ్యాంకు పేజీల వంటివాటికి వాటి సొంత రక్షణ వేరే ఉంటుంది కాబట్టి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఈ లొసుగు 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో లేదు, కానీ మా ప్రింటర్ ఆ కొత్త పద్ధతి పేరు చెబితేనే మూర్ఛపోతుంది, అందుచేత రెండూ కలిసిన పద్ధతి పెట్టుకోవలసి వచ్చింది.

సరే, మొదట నేను వెలగబెట్టిన వైద్యం విను. పాస్‌వర్డ్ మార్చితే బాబాయిగారికి తెలిసిపోతుంది, మొహమాటం. అందుకని దొంగదారి వెతికాను. మా ఆరు పరికరాల మ్యాక్ చిరునామాలు మాత్రమే రానిచ్చేలా జాబితా పెట్టాను. మా ఆవిడ ఫోను పెట్టె మీద ముద్రించిన చిరునామా చూసి శ్రద్ధగా ఎక్కించాను. ఆమె ఫోను చూపేది కల్పిత చిరునామా కాబట్టి రౌటర్ ఆమెను గడపలోకి రానివ్వలేదు. పక్కింటివాళ్ళను ఆపబోయి ఇంటి ఇల్లాలిని వీధిలో నిలబెట్టినవాడిగా నేను ఈ ఇంట్లో ఎంతకాలం బతకాలో నువ్వే చెప్పు. నిజానికి ఆ జాబితా గట్టి కాపలా కూడా కాదు, ఎందుకంటే ఆ చిరునామాలు గాలిలో బాహాటంగానే తిరుగుతాయి, తెలిసినవాడు ఒకటి చూసి తనదిగా పెట్టుకోగలడు. వై-ఫై పేరు దాచిపెట్టడమూ అంతే. పేరు దాస్తే మన ఫోన్లే పోయిన చోటల్లా ఆ పేరు పిలుస్తూ వెతుక్కుంటాయి.

పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను వై-ఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ అనే బొత్తాం సంగతి చూసినప్పుడు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. దానికి ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది, వినడానికి కోట్ల అవకాశాలు ఉన్నట్టుంటుంది. రౌటర్ మాత్రం మొదటి నాలుగూ సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది, తర్వాతి మూడూ విడిగా, ఆఖరిది ముందువాటి నుంచి లెక్కగట్టేదే. అంటే పదివేలూ ఒక వెయ్యీ, వెరసి 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లొసుగు 2011లో బయటపడింది. నా సైకిల్ తాళం ఒక్కో చక్రం తిప్పుతూ, "టిక్కు"మన్న చోట ఆపుకుంటూ, కళ్ళు మూసుకుని నువ్వు తీసేవాడివి కదా, సరిగ్గా అదే పని. వెంటనే దాన్ని ఆపేశాను.

చివరికి ఆదివారం ఉదయం ధైర్యం చేసి బాబాయిగారి దగ్గరికి వెళ్ళి, పాస్‌వర్డ్ మారుస్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా ఇంటి తాళం చెవి మీ ఇంట్లోనే ఉంటుంది కదయ్యా, మేమెప్పుడైనా అనుమానపడ్డామా" అన్నారు. మిత్రమా, ఆ ఒక్క మాటతో నా లెక్కలూ భయాలూ అన్నీ నీచంగా కనిపించాయి. ఏదో నసిగి వచ్చేశాను. మెట్లు దిగుతుండగా తోచింది అసలు జవాబు: మీ తాళం చెవికి నకళ్ళు తీయించి నేను ఎవరికీ పంచలేదు కదండీ అని. కానీ వెనక్కి ఎక్కి వెళ్ళి చెప్పే జవాబులు నాకు చేతకావు. అయినా తప్పు ఆయనది కాదు. అతిథికి ఇవ్వవలసిన చెవి వేరే ఉంటుందని తెలిసి కూడా బద్ధకంతో నా చెవే ఇచ్చినవాడిని నేను.

ఆ చెవి మా రౌటర్‌లో మొదటి నుంచీ ఉంది. గెస్ట్ నెట్‌వర్క్ అని ఒక మీట. దాన్ని వేసి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి, అందులోవాళ్ళకు మా టీవీ, ప్రింటర్, ల్యాప్‌టాప్ ఏవీ కనిపించకుండా చేసి, వేగానికి కొంత హద్దు పెట్టాను. మా సొంతదానికి ఒకదానితో ఒకటి పొసగని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాసుకున్నాను. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి పిసినారితనం చూపలేదు. ఆ నాలుగు మాటలేమిటో నీకు కూడా రాయను, ఇకనైనా బుద్ధి తెచ్చుకున్నానని నువ్వు నమ్మాలి. ప్రింటర్‌కు బాణం బొత్తాలతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ పొడుగాటి పాస్‌వర్డ్ ఎక్కించేసరికి సాయంత్రమైంది, ఒకసారి ఇరవై ఆరో అక్షరం దగ్గర వేలు జారి మొత్తం పోయింది.

రెండు రోజులు బాబాయిగారు నాతో పలకలేదు. మూడోనాడు నేనే గెస్ట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి తీసుకువెళ్ళి, వాళ్ళ కొత్త కనెక్షన్ వచ్చేదాకా వాడుకోమని, పైవాటావాళ్ళకు మాత్రం ఇవ్వవద్దని చెప్పాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ చూపుడువేలితో కొట్టారు. కలిసింది. ముఖం కాస్త విప్పారింది. తర్వాత అనుమానంగా, "ఇందులో మీ ప్రింటర్ కనబడటం లేదేమిటయ్యా?" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆరు నెలలుగా మా ఇంకు సీసాలు ఎందుకంత తొందరగా ఖాళీ అవుతున్నాయో! మావాడిని అన్యాయంగా ఎన్నిసార్లు కేకలేశానో, పాపం వాడు...

గెస్ట్ నెట్‌వర్క్ పెట్టినా బయటికి కనిపించే చిరునామా నాదేనన్న చిక్కు పూర్తిగా తీరలేదు. అందుకే ఆ కొత్త కనెక్షన్ కోసం ఆయన కన్నా నేనే ఎక్కువ ఎదురుచూస్తున్నాను. పైవాటా కుర్రాళ్ళు నిన్న మెట్ల మీద ఎదురై, వై-ఫై రావడం లేదేమిటని నన్నే నిలదీశారు. వాళ్ళకు నేను ఏం చెప్పానంటే...

అయ్యో, రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టిన సంగతే మరిచాను. నాలుగు నిమిషాలలో ఆగి మళ్ళీ మొదలవుతానని తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. ఇది ఇప్పుడే పంపకపోతే ఇంకో వారం ఆలస్యమవుతుంది. అది ఆగిన మరుక్షణం బాబాయిగారు తలుపు తడతారు కూడా. కుర్రాళ్ళ సంగతి తర్వాతి ఉత్తరంలో. నీ రౌటర్ పాస్‌వర్డ్ అడ్మిన్ కాదని మాత్రం వెంటనే రాయి.

నీ
గొడుగు వీరుడు