చందా ఒక్కటే అయినప్పుడు ఆటలో వాటా వేరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నెలవారీ చందా కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల గురించి వచ్చిన వ్యాసం చదివి, నాలుగు రోజులు ఊరుకుని, ఇక ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. రోజుకు గంటో రెండు గంటలో ఆడే క్యాజువల్ ఆటగాళ్ల కోసం సులువు చేయడం వల్లనే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటలు చెడిపోయాయని అందులో తేల్చేశారు. కాజీపేటలో షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ 2008 నుంచి ఆ ఆటకు చందా కడుతున్న నాకు ఈ తీర్పు బొత్తిగా అన్యాయంగా తోచింది.

ఆ వ్యాసకర్త నేర్పు అంటున్నదానిలో సగం కేవలం తీరిక. 2004 నవంబరులో ఆట మొదలైనప్పుడు పెద్ద రెయిడుకు, అంటే చాలామంది జట్టుగా కోటలోని శత్రువులను ఓడించే దాడికి, 40 మంది ఒకే వేళకు కూర్చోవాలి. ఆటగాళ్లతో ఆటగాళ్లు తలపడే పోరులో వచ్చే ర్యాంకులైతే వారం వారం ఆడకపోతే తరిగిపోయేవి, అందువల్ల అన్నిటికన్నా పైదైన 14వ ర్యాంకు దక్కాలంటే చేతినేర్పు ఎంత ఉన్నా చాలదు, నెలల తరబడి నిద్ర మానుకోవాలి. 2006లో 40 మందికని పెట్టిన నక్స్‌రమాస్ కోట లోపలికి అప్పటి చందాదారుల్లో చాలా కొద్దిమందే వెళ్లగలిగారు. అదే కోటను 2008 నవంబరులో 10 మందికీ 25 మందికీ వీలుగా మళ్లీ తెచ్చినప్పుడు గానీ నాలాంటివారు దాని గడప తొక్కలేదు. అమెరికాలో నెలకు 14.99 డాలర్లు కట్టేవారందరూ ఒకే ధర కడుతుండగా, కొందరికి మాత్రమే తలుపు తెరుచుకునే గదులు కట్టడం ఏ న్యాయం?

మన దగ్గరి ఇబ్బంది మరొకటి ఉంది. మాలో ఐరోపా సర్వర్లలో ఆడేవారికి, అక్కడ రాత్రి 8 గంటలకు రెయిడు పెడితే మనకు వేసవిలో 11.30, చలికాలంలో 12.30 అవుతుంది. తెల్లవారి ఆరింటికి డ్యూటీ ఎక్కవలసిన మనిషి ఆ వేళ మూడు గంటలు ఎట్లా కూర్చుంటాడు? సద్దుల బతుకమ్మ నాడు రాలేనన్నందుకు నన్ను గిల్డు నుంచి, అంటే కలిసి ఆడే జట్టు నుంచి, తీసేసిన సంగతి ఇప్పటికీ మరిచిపోలేను.

ఇక చెడిపోయిందన్న మాట. ఈ ఆట చందాదారులు 1.2 కోట్లు దాటారని కంపెనీ ప్రకటించింది 2010 అక్టోబరులో, అంటే రెయిడ్లను చిన్న గుంపులకు కూడా తెరిచిన కాలంలోనే. ఆ డిసెంబరులో వచ్చిన కొత్త విస్తరణలో, అంటే ఆటకు చేర్చిన కొత్త భాగంలో, చిన్న గుంపులు ఆడే గుహలను కావాలనే కఠినం చేశారు. 2011 సెప్టెంబరు ముగిసేసరికి సంఖ్య 1.03 కోట్లకు పడిపోయింది. గంటల తరబడి ఆటకే అంకితమయ్యే హార్డ్‌కోర్ వారు నింద మోపే రెయిడ్ ఫైండర్, అంటే ముక్కూమొహం తెలియని వారితో కలిపి ఎవరినైనా రెయిడుకు పంపే ఏర్పాటు, వచ్చింది ఆ నవంబరు చివర. జనం వెళ్లిపోవడం దానికి ముందే మొదలైందని తేదీలు చూసుకుంటే తెలిసేది, వ్యాసకర్త ఆ మాత్రం శ్రద్ధ పెట్టలేదు.

శ్రద్ధ లేకపోవడం ఆయన ఒక్కరితో ఆగడం లేదు. మన రాష్ట్రంలో 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన నాటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడినీ జూదగాడిగా చూడడం అధికారులకూ పత్రికలకూ అలవాటైపోయింది. పందెం ఆటలను నిషేధించిన 2025 కేంద్ర చట్టం కూడా, పందెం కాని చందా రుసుముతో ఆడే ఆటలను వేరుగా గుర్తించింది. అయినా మీ అనుబంధంలో ఈ వ్యాసం పక్కనే పేకముక్కల బొమ్మ వేశారు. ఒకప్పుడు మీ పత్రికలో ఇట్లాంటి పొరపాటు అచ్చు దాకా వచ్చేది కాదు.

హార్డ్‌కోర్ ఆటగాళ్లను నేను తక్కువ చేయడం లేదు. కొత్త రెయిడు తెరిచిన వారంలోనే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ దెబ్బ ఎప్పుడు కాచుకోవాలో కనిపెట్టి రాసిపెట్టేది వారే, అవి చదువుకునే మేం ఆడుతున్నాం. వారికి కఠినమైన స్థాయి వేరే ఉండాలి, దానికి తగిన గేరూ, అంటే ఆటలోని ఆయుధాలూ కవచాలూ, దక్కాలి. అయితే కథ ముగింపును, కోటల లోపలి భాగాన్ని చందా కట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక స్థాయిలో చూడగలగాలి. ఈ విషయం మీద మళ్లీ రాయించేటప్పుడు, రాత్రి రెండింటి దాకా మేలుకోగలిగిన వారితో పాటు తెల్లవారి డ్యూటీకి పోయేవారిని కూడా ఒకమాట అడిగించమని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాజీపేట