విదేశీ పరిచర్య కుటుంబాల సహాయ విభాగం: వార్షిక నివేదిక, గుంటూరు

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గారు గుంటూరుకు వచ్చింది 1842లో. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, కూలి పనులకు వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల మధ్య పరిచర్యకు, ఓడెక్కారు. పంపడం మనకు కొత్త కాదు. ఇప్పుడు మన సంఘాల కుటుంబాలు ఎక్కువగా తూర్పు ఆఫ్రికా వైపు చూస్తున్నాయి. పిలుపు గురించి సంఘాల్లో బాగానే బోధిస్తున్నారు. కాగితాలు, టీకాలు, వంటిల్లు, పిల్లల బడి సంగతి చెప్పేవాళ్లే తక్కువ. అందుకే అరండల్‌పేటలో ఈ ఏడాది జరిపిన తరగతులన్నీ వాటి మీదే పెట్టాం.

ఎక్కువ ఆలస్యాలు పేరు దగ్గరే మొదలవుతున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, బాప్తిస్మం తర్వాత పిలిచే పేరు మరొకటి, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ముందు వీటన్నిటినీ పాస్‌పోర్టు పేరుతో కలపాలి. తర్వాతే పోలీస్ క్లియరెన్స్‌కు దరఖాస్తు చేయాలి. ఉంటున్న ఇల్లు మారితే పాస్‌పోర్టులో చిరునామా కూడా ముందే మార్పించుకోవడం మంచిది. సంఘం ఇచ్చిన వివాహ పత్రం ఒక్కటే పట్టుకుని వెళ్లొద్దు, రిజిస్ట్రార్ దగ్గర నుంచి కూడా నకలు తీసుకోండి. డిగ్రీ, వివాహ, జనన పత్రాలను మొదట రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (పరాయి దేశంలో పత్రం చెల్లేందుకు ఇచ్చే ధ్రువీకరణ) ముద్ర వేస్తుంది. వెళ్లే దేశం అపోస్టిల్ ఒప్పందంలో లేకపోతే ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

టూరిస్టు వీసా మీద వెళ్లి పరిచర్య మొదలుపెట్టడాన్ని మేము ఏ మాత్రం సమర్థించం. మతసేవకు కెన్యాలో క్లాస్ ఐ పర్మిట్, టాంజానియాలో క్లాస్ సి నివాస పర్మిట్ ఉన్నాయి. దరఖాస్తు ఆ దేశంలో రిజిస్టరైన సంఘం ద్వారా వెళ్లాలి కాబట్టి ఆహ్వాన పత్రం రాకుండా టికెట్ కొనకండి. భార్యాపిల్లలకు డిపెండెంట్ పాస్ వేరే ఉంటుంది. దాని మీద ఉద్యోగం చేయకూడదు. నర్సులుగా, టీచర్లుగా పనిచేసిన సోదరీమణులు ఈ సంగతి బయల్దేరకముందే తెలుసుకోవాలి. నేపాల్‌కు వీసా అక్కర్లేదని చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. 2018 నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడానికి ఐదేళ్ల దాకా జైలు పడుతుంది.

యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, స్లాట్ ముందే చూసుకోవాలి. ఒక్క డోసే, 2016 నుంచి సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. తొమ్మిది నెలల లోపు పిల్లలకు, గుడ్డు తీవ్రంగా పడనివాళ్లకు వేయరు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి మరో లైవ్ టీకా, అంటే బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినది, ఉంటే డాక్టరును అడిగి అదే రోజు వేయించాలి, కాదంటే నాలుగు వారాల ఎడం ఉంచాలి. యెల్లో ఫీవర్ కార్డు పోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

మలేరియా మాత్రలు డాక్టరు రాసినవే వాడండి. డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు పనికిరాదు. పైగా ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, చాలామంది మానేసేది అక్కడే. సెలవు మీద ఇంటికొచ్చాక జ్వరం వస్తే డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సిన మాట ఆఫ్రికా నుంచి వచ్చామని. రక్తపరీక్ష ఆ రోజే జరగాలి.

వంటింటి తరగతికి అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చారు. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా రెండు వేల మూడు వందల మీటర్ల పైన ఉంది. నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు మిగులుతుంది. కుక్కర్ తప్పనిసరి, గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వ్ ఒకటి అదనంగా పెట్టుకోండి. కెన్యా, టాంజానియాల్లో మన మిక్సీ పనిచేస్తుంది గానీ ప్లగ్గు దీర్ఘచతురస్రాకారపు పిన్నులది కావాలి. ఆవకాయను చెక్-ఇన్ సామానులోనే, మూత మీద టేపు చుట్టి పెట్టాలి. ఎండు కొబ్బరి అందులో పెట్టొద్దు, అందులోని నూనె వల్ల నిప్పంటుకుంటుందని తీసేస్తారు. సామాను ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో చుట్టే అలవాటు మానాలి: కెన్యా 2017లో, టాంజానియా 2019లో వాటిని నిషేధించాయి. అక్కడివాళ్లు పెట్టే ఉగాలి మన సంగటి లాంటిదే. మొదటి రోజు నుంచే చేత్తో తినండి, ఆ ఇంటివాళ్లు ఎంత సంతోషిస్తారో!

కెన్యా, టాంజానియాల్లో మాట్లాడే స్వాహిలీలో పదాలన్నీ దాదాపు అచ్చుతో ముగుస్తాయి గనక మన నోటికి పలకడం తేలికే. గంటల లెక్క మాత్రం వేరు. పొద్దున ఆరు నుంచి మొదలవుతుంది కాబట్టి మన ఏడు వాళ్లకు ఒకటి. ఆరాధన నాలుగింటికని స్వాహిలీలో చెబితే ఉదయం పదికి వెళ్లాలి. ఇథియోపియాలోనూ ఇదే లెక్క. మొదటి ఏడాది ప్రసంగాలు తగ్గించి భాషకు సమయం ఇవ్వమని పంపే సంఘాల పెద్దలను గట్టిగా కోరుతున్నాం. నెలనెలా ఫొటోలు, సంఖ్యలు అడిగితే ఆ కుటుంబం భాష నేర్చుకోలేదు.

పిల్లల చదువు: కెన్యా, టాంజానియాల్లో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ఇక్కడ టీసీ, మార్కుల పత్రాలు ధ్రువీకరించుకుని వెళ్లాలి.

డబ్బు విషయంలో జాగ్రత్త. ఉద్యోగం లేదా పరిచర్య కోసం దీర్ఘకాలం వెళ్తే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకు ఖాతా)గా మార్చాలి. భారత పౌరుడు విదేశంలో దాచుకున్న సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి సంఘం ఇచ్చిన కానుక మాత్రం ఇక్కడి సంఘానికి చేరాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. ఈ రెంటినీ కలిపేస్తే చిక్కులు సంఘానికే.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో ఇస్తాం. వచ్చే ఏడాది తరగతులకు పేర్లిచ్చే కుటుంబాలు పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ నకళ్లు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకుని రావాలి.