మళ్లీ యూనిఫాం వేసుకున్నాను, చాలామందికి థాంక్స్ చెప్పాలి

పోయిన గురువారం సాయంత్రం, నాలుగు రోజుల ట్రిప్‌లో ఆఖరి ల్యాండింగ్ అయ్యి గేటు దగ్గర ఇంజిన్లు ఆపాక, చెక్ పైలట్ (మమ్మల్ని పరీక్షించే సీనియర్ పైలట్) నా కాగితాల మీద సంతకం పెట్టి చెయ్యి కలిపాడు. ఐఓఈ అయిపోయింది. అంటే కొత్త రకం విమానాన్ని నిజం ప్రయాణికులతో, పక్కన చెక్ పైలట్ కూర్చుని చూస్తుండగా, కనీసం పాతిక గంటలు నడపాలి, అవి పూర్తయ్యాయి, ఇక నేను మామూలు ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. పాత ఉద్యోగం పోయి ఆ రోజుకి పది నెలలు. హోటల్ షటిల్‌లో కూర్చుని అందరికీ విడివిడిగా మెసేజ్‌లు పెడదామనుకుంటే లిస్టు పెద్దదైపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టు, ఓపిక ఉంటేనే చదవండి. పాత కంపెనీ పేరు, కొత్త కంపెనీ పేరు రెండూ రాయను, కామెంట్లలో అడగొద్దు.

నేనెవరో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మాది వినుకొండ పక్కన పల్లెటూరు. పెళ్లయ్యాక డల్లాస్ వచ్చాను, మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు కాబట్టి గ్రీన్ కార్డుకి ఇబ్బంది రాలేదు (ఇన్‌బాక్స్‌లో అందరూ మొదట అడిగేది ఇదే, అందుకే ముందే చెప్పేస్తున్నా). డెంటన్‌లో ఫ్లయింగ్ నేర్చుకుని, అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా ఎండల్లో మాడి 1,500 గంటలు పోగేసి, ఒక రీజనల్ కంపెనీలో (పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపే కంపెనీ) యాభై సీట్ల జెట్ మీద చేరాను. బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు, షికాగో ఓహేర్. ఇల్లేమో డల్లాస్ పక్కన ఇర్వింగ్. డ్యూటీకి వెళ్లడానికే ఒక విమానం ఎక్కాలి.

మా నాన్న ఇరవై రెండేళ్లు ఆర్టీసీ అద్దె బస్సు నడిపాడు. ఆర్టీసీ డ్రైవర్ కాదు, అద్దె బస్సు డ్రైవర్. ఈ తేడా తెలిసినవాళ్లకి నా కథ సగం అర్థమైపోయినట్టే.

ఉద్యోగం పోయిన రోజు రాత్రి అత్తయ్యకి అరగంట చెప్పినా బుర్రకెక్కలేదు. "విమానాల నిండా జనమే కదమ్మా, మరి నీ ఉద్యోగం ఎందుకు పోయింది?" అని అదే ప్రశ్న. తర్వాత నాన్నకి ఫోన్ చేశాను. విమానం మా కంపెనీది, పైలట్లం మేం, కానీ దాని మీద రంగు, పేరు పెద్ద ఎయిర్‌లైన్‌వి, టికెట్లు అమ్మేది వాళ్లే, ఏ టైముకి ఎక్కడికి వెళ్లాలో చెప్పేదీ వాళ్లే, మాకు మాత్రం ట్రిప్పుకి ఇంత అని, గాల్లో ఉన్న గంటకి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు, ఖాళీ సీట్లతో వెళ్లినా అంతే నిండుగా వెళ్లినా అంతే, అని చెబుతూ ఉన్నాను. మధ్యలోనే ఆపి, "అద్దె బస్సే గదమ్మా. టెండరు పోయిందా?" అన్నాడు.

అవును, టెండరే పోయింది.

అమెరికాలో అమెరికన్ ఈగిల్, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్, డెల్టా కనెక్షన్ అని కనిపించేవన్నీ ఇలాంటివే. టికెట్ మీద చిన్న అక్షరాల్లో నడిపేవాళ్ల పేరు ఉంటుంది, ఎవరూ చదవరు. 2020కి ముందు ఇక్కడ బయల్దేరే ప్రయాణికుల విమానాల్లో దాదాపు పదిలో నాలుగు మా రీజనల్ వాళ్లవే. నాన్న బస్సు ఎక్కడైనా గుద్దితే పేపర్లో "ఆర్టీసీ బస్సు ఢీ" అనే రాసేవాళ్లు. ఇక్కడా అంతే, 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలి 50 మంది పోయిన విమానం మీద కాంటినెంటల్ అనే పెద్ద ఎయిర్‌లైన్ పేరుంది, నడిపింది కోల్గన్ అనే చిన్న కంపెనీ. ఆ పైలట్లకి ఎంత తక్కువ జీతాలో, ఎంత దూరం నుంచి నిద్ర లేకుండా డ్యూటీకి వచ్చేవాళ్లో జనానికి అప్పుడే తెలిసింది. నేను పోగేసిన 1,500 గంటల రూలు కూడా ఆ ప్రమాదం తర్వాత వచ్చిందే.

ఇంకో పోలిక కూడా నాన్నే చెప్పాడు. అద్దె బస్సులు పెంచొద్దని ఆర్టీసీ యూనియన్లు గొడవ చేసేవి కదా, అట్టాంటిది అక్కడ లేదా అన్నాడు. ఉంది, దాని పేరు స్కోప్ క్లాజు. పెద్ద ఎయిర్‌లైన్ పైలట్లు తమ ఒప్పందంలోనే రాయించుకుంటారు, రీజనల్‌కి ఇచ్చే విమానంలో 76 సీట్లు దాటకూడదు, బరువు 86,000 పౌండ్లు దాటకూడదు, సంఖ్య కూడా ఇంతకి మించకూడదు అని. వాళ్ల ఉద్యోగాలు వాళ్లు కాపాడుకోవాలి, తప్పు పట్టను. కానీ ఆ గీత లోపల ఉన్న కాస్త పనికోసం మా చిన్న కంపెనీలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకోవాలి. నువ్వు జీతాలు తగ్గించకపోతే పక్కవాడు తగ్గిస్తాడు అంటారు, పక్కవాడితోనూ అదే మాట అంటారు. పైలట్లు దీన్ని విప్‌సా అంటారు, రెండు వైపులా కోసే రంపం. 2014లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్ కంపెనీ ఎన్వాయ్ పైలట్లు ఇలాంటి తగ్గింపు ఒప్పందాన్ని ఓటేసి తిప్పికొట్టారు, అలా కుదిరేది ఎప్పుడో ఒకసారి. పైలట్లు దొరకనప్పుడు లెక్క తిరగబడుతుంది, 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్ కంపెనీలు కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్‌కి బోనస్‌తో కలిపి గంటకి 90 డాలర్లు ఇచ్చాయి. ఆ వార్త చూసిన మా బావగారు 90ని నెలకి 160 గంటలతో గుణించేసి అందరికీ చెప్పారు. బావగారూ, మాకు గంట అంటే విమానం కదిలిన గంట, గ్యారంటీ నెలకి 75 దగ్గర ఉంటుంది, ఎయిర్‌పోర్టులో పడిగాపులు లెక్కలోకి రావు.

సరే, మా దగ్గర జరిగింది చెప్తాను. మా విమానాలు పాతబడ్డాయి, యాభై సీట్లవి. ఒప్పందం గడువు దగ్గరపడింది, పెద్ద ఎయిర్‌లైన్ ఆ రూట్లని 76 సీట్ల విమానాలున్న ఇంకో కంపెనీకి ఇచ్చేసింది. ముందు బేస్‌ని సగానికి తగ్గించారు, తర్వాత ఫర్లో లెటర్లు, అంటే పని లేదు, మళ్లీ పిలిచేదాకా ఇంట్లో ఉండమని. సీనియారిటీ లిస్టు కిందనుంచి కోసుకుంటూ వస్తారు, నేను కింది వందలో ఉన్నాను. ఎవరి మీదా కోపం వెళ్లగక్కడానికి ఇది రాయడం లేదు, లెటర్ ఇచ్చిన చీఫ్ పైలట్ కళ్లలోనూ నీళ్లున్నాయి. కానీ వేరే ఉద్యోగాల్లో లేని చిక్కు ఒకటుంది, ఇక్కడ కంపెనీ మారితే ఇరవై ఏళ్ల కెప్టెన్ అయినా కొత్త లిస్టులో చిట్టచివరి నంబరే. పైగా 2024 నుంచి పెద్ద ఎయిర్‌లైన్లు నియామకాలు తగ్గించాయి, పైవాళ్లు కదలకపోతే కింద సీట్లు ఖాళీ అవ్వవు. ఉన్న కాసిని సీట్లకి నాతో పాటు ఫర్లో అయినవాళ్లందరం అప్లై చేశాం, మొన్నటిదాకా ఒకే కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లం.

ఇక థాంక్స్.

మొదట మా కెప్టెన్ గారికి. ఆయన తెలుగు చదవలేరు, మా ఆయన అనువాదం చేసి వినిపిస్తానన్నాడు. ఈయన ఒకప్పుడు కోమ్‌ఎయిర్ అనే రీజనల్ కంపెనీలో ఉండేవారు. 2001లో అక్కడి పైలట్లు 89 రోజులు సమ్మె చేసి మంచి జీతాలు తెచ్చుకున్నారు, 2012 సెప్టెంబర్‌లో డెల్టా ఆ కంపెనీనే మూసేసింది, అది తన సొంత కంపెనీ అయినా సరే. ఆ వయసులో ఆయన మళ్లీ లిస్టు చివర నుంచి మొదలుపెట్టారు. లెటర్ వచ్చిన మర్నాడే ఫోన్ చేసి, "ఏడుపు ఈ ఒక్కరోజే, రేపు పొద్దున నీ లాగ్‌బుక్ స్కాన్ చేసి పంపు" అన్నారు. లాగ్‌బుక్ అంటే మేం నడిపిన గంటలన్నీ రాసుకునే పుస్తకం. నాకు చిరాకేసింది, ఓదారుస్తారనుకుంటే లెక్కలు అడుగుతాడేంటి అని. పంపాక చూస్తే నా లాగ్‌బుక్ మొత్తానికీ అప్లికేషన్‌లో రాసిన మొత్తానికీ పద్నాలుగు గంటల తేడా ఉంది, ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడు ఒక పేజీ గంటల్ని రెండుసార్లు కలిపేశాను. ఇంటర్వ్యూలో అది బయటపడితే అబద్ధం కింద లెక్క. రెండు ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చుని పేజీ పేజీకీ కూడించారు, ఆయన మనవరాలు పక్కన రంగులేసుకుంటూ ఉండేది. కెప్టెన్ గారూ, మీరు లేకపోతే నా అప్లికేషన్ మొదటి వారంలోనే చెత్తబుట్టలోకి పోయేది.

డెంటన్‌లో నా పాత స్కూల్ యజమానికి. పైలట్‌కి ఉద్యోగం పోతే చేతి అలవాటు కూడా పోతుంది, తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. జెట్ నడిపి వచ్చిన మనిషికి మళ్లీ చిన్న సెస్నా విమానంలో పిల్లలకి నేర్పించమని ఇవ్వడానికి ఆయన మొహమాటపడ్డాడు, నేను అడగడానికి ఇంకా ఎక్కువ మొహమాటపడ్డాను. వారానికి పద్దెనిమిది గంటలు ఇచ్చాడు. ఆ స్టూడెంట్లలో నెల్లూరు అబ్బాయి ఒకడు మొన్న సోలో చేశాడు, అంటే మొదటిసారి ఒంటరిగా నడిపాడు, నాకు నా చెక్‌రైడ్ (పైలట్ పరీక్ష) కంటే అదే ఎక్కువ సంతోషం, అది వేరే కథ.

యూనియన్ వాలంటీర్లకి, ఇన్సూరెన్స్ కాగితాలు రాత్రి పదింటికి కూడా విడమర్చి చెప్పినందుకు. నన్ను మళ్లీ సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమని సలహా ఇచ్చిన బంధువులకీ థాంక్స్, ఎస్‌క్యూఎల్ పుస్తకం ఇంట్లోనే ఉంది, వచ్చి తీసుకెళ్లండి.

తర్వాతి మనిషి గురించి రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఫర్లో అయిన రెండు నెలలకి ఓహేర్‌లో ఒక గేటు దగ్గర బోర్డు చూశాను, గ్రీన్ బే వెళ్లే ఫ్లైట్, నేను డజన్లసార్లు నడిపిన నంబరే, బయట మాత్రం వేరే కంపెనీ విమానం. దాని సిబ్బంది నవ్వుకుంటూ వెళ్తుంటే కడుపు మండిపోయింది. వాళ్లేం చేశారు పాపం, వాళ్లూ జీతగాళ్లే, అని తర్వాత అనిపించింది కానీ ఆ క్షణంలో మాత్రం తిట్టుకున్నాను. ఆ కంపెనీలోనే పనిచేసే ఒక టెక్సస్ అబ్బాయి, డెంటన్‌లో నాకు జూనియర్, నేను మొదటి ఇంటర్వ్యూ తప్పానని ఎవరి దగ్గరో విని తనే ఫోన్ చేశాడు. వాళ్ల కంపెనీ ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, అప్రోచ్ చార్ట్ (ల్యాండింగ్‌కి దిగే దారి మ్యాప్) ఇచ్చి ఎక్కడ తికమక పెడతారో, మొత్తం తన నోట్స్ పంపాడు, మాలో గౌజ్ అంటారు ఇలాంటి నోట్స్‌ని. పంపడమే కాదు, రిఫరల్ కూడా రాశాడు. అప్పటికి తన సొంత ఫ్రెండ్స్ కూడా అదే క్లాసు కోసం చూస్తున్నారు. ఎందుకు చేశావు అంటే, "మూడేళ్ల క్రితం మా రూట్లు మీ కంపెనీ తీసుకుంది, అప్పుడు మీవాళ్లే ఒకరు నాకు చేశారు" అన్నాడు. ఇంకేం మాట్లాడతాను.

అలా నేను ఇప్పుడు మా రూట్లు తీసుకున్న కంపెనీలోనే ఉన్నాను. కొత్త విమానం, 76 సీట్లు, ఐదు వారాలు సిమ్యులేటర్‌లో నిద్ర లేదు, జీతం మళ్లీ మొదటి ఏడాది జీతం, నంబరు చివరి నుంచి పదకొండు. నాన్నకి చెప్తే పెద్దగా నవ్వాడు. ఆయనకీ ఒకసారి ఇలాగే అయిందట, ఓనర్‌కి టెండరు పోతే, దాన్ని దక్కించుకున్న కొత్త ఓనర్ దగ్గరే చేరాడు, నెల తిరక్కుండా అదే రూట్లో అదే కండక్టర్‌తో వెళ్తున్నాడు. "బండి మారిందంతే, గుంతలు అవే" అన్నాడు. వెంటనే, "ఈళ్లకి టెండరు ఎన్నేళ్లుంది?" అని కూడా అడిగాడు. ఉంది నాన్నా, కొన్నేళ్లుంది.

మా ఆయనకీ అత్తయ్యకీ ఇక్కడ థాంక్స్ రాస్తే ఇంట్లో నవ్వుతారు, వాళ్లకి విడిగా చెప్పుకుంటాను. పాప బర్త్‌డే ఈసారి కూడా నేను రిజర్వ్‌లో (పిలిస్తే డ్యూటీకి వెళ్లాల్సిన రోజు) ఉన్న రోజే వచ్చింది, కేక్ అత్తయ్యే కోయించాలి.

చివరగా, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉండే అక్క. అక్కడి అరోరా బాలాజీ గుళ్లో ప్రసాదం లైన్లో పరిచయం, అంతకుముందు ఒకరికొకరం తెలియదు. ఓహేర్‌లో తెల్లారుజామున డ్యూటీ ఉంటే ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నది మాలాంటివాళ్లకి పెద్ద సమస్య, ఆరుగురు ఎనిమిదిమంది పైలట్లు కలిసి క్రాష్ ప్యాడ్ అని ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని బంక్ బెడ్ల మీద పడుకుంటారు. అలా ఎక్కడ పడుకుంటావు ఆడపిల్లవి అని తాళం చెవి చేతిలో పెట్టింది. రెండేళ్లు, అద్దె తీసుకోలేదు. రాత్రి పదకొండింటికి వచ్చినా స్టవ్ మీద చారు, పక్కన అన్నం, మూత మీద స్టిక్కీ నోట్: "వేడి చేసుకుని తిను, అలాగే తాగేయకు." ఉద్యోగం పోయాక తాళం ఇచ్చేద్దామని వెళ్తే తీసుకోలేదు, "నీ బేస్ ఇదే, మళ్లీ వస్తావు, దాచుకో" అంది. అప్పుడు నేను నమ్మలేదు.

అక్కా, ఈసారి కూడా బేస్ ఓహేరే వచ్చింది. తాళం నా బ్యాగులోనే ఉంది. బుధవారం రాత్రి వస్తున్నా, పదకొండు దాటుతుంది, చారు కొంచెం ఎక్కువ పెట్టు.