పెట్టెలో పెంకు, పక్కన చీటీ

అయ్యా,

పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే పది నిమిషాలకే 'ఇంక పోదామా' అంటారు, తప్పు వాళ్లది కాదు. అద్దాల పెట్టెలో ఒక కుండ పెంకు, పక్కన చీమ తలకాయంత అక్షరాలతో 'మట్టి పాత్ర' అని చీటీ. ఆ కుండ నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఎవరు చెప్తారు?

ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఎదురుగా ఉన్న వస్తువు మీద ఫోన్ తెరలో బొమ్మను పరిచి చూపే పద్ధతి, చెప్పగలదు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సహజ చరిత్ర మ్యూజియం 2015లో తన అస్థిపంజరాల హాలు కోసం 'స్కిన్ అండ్ బోన్స్' అనే యాప్ తెచ్చింది. హాల్లోని కొన్ని ఎముకల గూళ్ల వైపు ఫోన్ కెమెరాని తిప్పితే చాలు, అది ఆ ఆకారాన్ని గుర్తుపట్టి, సరిగ్గా ఆ ఎముకల మీదే కండా చర్మం పరిచి జంతువును చూసేవాళ్ల కళ్లముందు కదిలించేది. వందేళ్లు దాటిన హాలుకి ఇంతకన్నా మంచి మరమ్మతు ఏముంటుంది?

అయితే ఒక మాట. నేను చూసిన ఒక మ్యూజియంలో (పేరెందుకులెండి) టచ్ స్క్రీన్ మీద 'త్వరలో బాగుచేస్తాం' అని కాగితం అంటించారు, ఆ టేపు కూడా పసుపు రంగుకి తిరిగింది. ఇంకో గదిలో క్యూఆర్ కోడ్ ఉంది, సిగ్నల్ మాత్రం లేదు! యంత్రాలు కొనేటప్పుడే వాటిని చూసుకునే మనిషికి జీతం కూడా లెక్కేయాలి. లోపల ఉచిత వైఫై ఇవ్వాలి, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి కౌంటర్ దగ్గర ట్యాబ్‌లు ఉంచాలి. తెర మీది బొమ్మ అర నిమిషం మించకపోతే ఇంకా మేలు, లేకపోతే అందరూ ఫోన్‌లోకి తలదూర్చి అసలు పెంకుని చూడటమే మానేస్తారు.

- ఒక పాఠకురాలు