పంతుల్ని అడిగితే లింకన్‌ని చూపిస్తారా?

సంపాదకుడు గారికి,

ఆగస్టు 29న ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక బడిలో తెలుగు భాషా దినోత్సవం చేశారు. తెలుగు పంతులుగారు రిటైరై రెండేళ్లయింది, ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని మేం మొరపెట్టుకుంటే, వేదిక మీది పెద్దమనిషి ఒకరు "అబ్రహాం లింకన్‌కి ఏ పంతులున్నాడు? వీధి దీపం కింద చదువుకుని ప్రెసిడెంటు కాలేదా?" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. రెండు వందల ఏళ్ల కిందట, లింకన్ పెరిగిన ఇండియానా అడవిలో వీధి దీపం ఎవరు పెట్టారో గానీ!

లింకన్ బడికెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు, నిజమే. ఆ మాట ఆయనే రాసుకున్నాడు. గొప్పకి మాత్రం రాసుకోలేదు. 1858లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుల వివరాల పుస్తకం కోసం చదువేమిటని అడిగితే, లోపభూయిష్టం అని తేల్చేశాడు. బడి వయసు దాటేసరికి తనకొచ్చింది చదవడం, రాయడం, త్రైరాశికం దాకా లెక్కలు, అంతేనన్నాడు మరోచోట. యూక్లిడ్ రేఖాగణితం పట్టుకున్నది కాంగ్రెస్‌కి వెళ్లాక, నలభై ఏళ్లు దగ్గరపడ్డాక. 1832లో మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడే, జనం పూనుకోవలసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది చదువేనని ప్రకటనలో రాశాడు. 1862లో, ఒకపక్క యుద్ధం నడుస్తుండగా, కాలేజీల కోసం ప్రభుత్వ భూములిచ్చే మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. బడి లేని లోటు తెలిసినవాడి పని అది.

పొరుగువాణ్ని అడిగి తెచ్చుకున్న వాషింగ్టన్ జీవితచరిత్ర వానకి తడిసిపోతే, పొలంలో పనిచేసి బాకీ తీర్చాడని చెబుతారు కదా. ఆ పుస్తకం ఆయన భాషలో ఉంది, అడిగితే ఇచ్చే పొరుగువాడున్నాడు. మా మనవరాలికి తెలుగు వాచకం కావాలంటే సరిహద్దు దాటి పాతపట్నంలో చుట్టాలింటి నుంచి పాతది తేవాలి. తెలుగు పీరియడ్‌లో పాఠం చూసి రాయమంటారు. దిద్దేది తెలుగు రాని ఒడియా మాస్టారు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు! మొన్న నోట్‌బుక్ తిరగేస్తే "అమ్మ" అని ఉండాల్సిన చోటల్లా వత్తు ఎగిరిపోయి "అమ" అని ఉంది. పక్కనే ఎర్ర సిరాతో రైటు గుర్తు.

ఆ రోజు దండ వేసింది గిడుగు రామమూర్తి గారి ఫొటోకి. ఆయన ఈ ఊళ్లోనే పంతులు. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష సొంతంగా నేర్చుకున్నారు. నేర్చుకుని, మీ చావు మీరు చావండి అనలేదు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు.

పోస్టు భర్తీ అయ్యేలోగా, ఊళ్లో తెలుగు ఎమ్మే చదివి ట్యూషన్లు చెప్పుకుంటున్న వాళ్లలో ఒకరినైనా తాత్కాలికంగా వేయమని అర్జీ ఇచ్చాం. ఒడియాలో రాసి తెమ్మన్నారు. తెచ్చాం. ముట్టినట్టు సంతకం చేశారు. తేదీ కూడా వేయమంటే, "దేనికి లెండి" అన్నారు.

— ఒక తాత, పర్లాకిమిడి, గజపతి జిల్లా