విజయనగరం నుంచి వచ్చిన ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

తనిఖీకి వచ్చినవారు అడిగిన పాత లాగ్‌లన్నీ (కంప్యూటర్లలో జరిగినవాటి నమోదులు) ఈ మధ్యాహ్నమే అప్పగించాం. కళ్లు మూతపడుతున్నా ఈ మాటలు ఇప్పుడే రాయాలనిపిస్తోంది.

శ్రీకాకుళంలోని మా సంస్థ సర్వర్ల లాగ్‌లు స్ప్లంక్‌లో, అంటే వాటిని దాచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, చేరతాయి. సైబర్ భద్రతను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దేశంలోనే భద్రంగా ఉండాలి. వెతికితే ఇటీవలివే కనిపించాయి. కాలపరిమితి 18,86,97,600 సెకన్లని, అంటే దాదాపు ఆరేళ్లని, సెట్టింగ్‌లో స్పష్టంగా ఉండగా మిగిలినవి ఏమయ్యాయో మాలో ఎవరికీ అంతుపట్టలేదు.

తెలిసినవారి ద్వారా ఫోన్ చేస్తే, అంతకుముందు నా ముఖమైనా చూడని ఒక విశ్రాంత ఇంజినీరు గారు ఆ రాత్రే విజయనగరంలో బస్సెక్కి వచ్చారు. నా వాలకం చూసి, "ముందు అన్నం తిను అమ్మా, ఉన్నవైతే ఎక్కడికీ పోవు" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. తర్వాత పక్కన కూర్చుని, స్ప్లంక్ డేటాను దాచే ఫోల్డర్‌ను బకెట్ అంటారని చెప్పి, ఒక్కొక్క బకెట్ పేరులోని అంకెలను తేదీలుగా మార్చి చూపిస్తూ, కొత్తది పాతబడేకొద్దీ హాట్, వార్మ్, కోల్డ్ అనే దశలు దాటి డేటా ఎలా వయసు మళ్లుతుందో ఓపికగా చెప్పారు. కాలపరిమితి ఒక్కటే కాదట. ఈ బకెట్లన్నీ ఉండే నిల్వకు, అంటే ఇండెక్స్‌కు, పరిమాణపు హద్దు కూడా ఉంటుంది, మార్చకపోతే అది 5,00,000 ఎంబీ. గాదె నిండితే పాత ధాన్యం తీయక తప్పనట్టు, ఆరేళ్లు నిండకపోయినా అన్నిటికంటే పాత బకెట్ ఫ్రోజన్ దశకు, అంటే ఇక వెతికినా దొరకని దశకు, వెళ్తుంది. దాచే చోటు చూపించకపోతే అక్కడితో చెరిగిపోతుంది. మా అదృష్టం, ఆర్కైవ్ ఫోల్డర్ ఒకటి ఉంది. అందులోని బకెట్లను థాడ్ డైరెక్టరీలోకి, అంటే ఆర్కైవ్ నుంచి తిరిగి తెచ్చినవి ఉంచే ఫోల్డర్‌లోకి, తెచ్చి, వెతకడానికి వీలుగా వాటి సూచికలు మళ్లీ కట్టి, తెల్లవారేసరికి వెతికితే దొరికేలా చేశారు. అలా తెచ్చినవాటికి ఈ హద్దులు వర్తించవని, మనం తీసేదాకా ఉంటాయని ధైర్యం చెప్పారు. బస్సు ఛార్జీ కూడా తీసుకోలేదు.

లాగ్‌లు లేవని నిలదీసే వ్యవస్థ, వాటికి చాలినంత డిస్క్ కావాలని మేము రాసిన కాగితాన్ని నెలల తరబడి ఎందుకు కదపలేదో నాకు నేటికీ అర్థం కావడం లేదు.

పిల్లలను చూసుకున్న అమ్మకూ, మా ఆయనకూ కృతజ్ఞతలు.

రాత్రంతా గేటు తెరిచి ఉంచిన వాచ్‌మన్ గారికీ, అడగగానే హార్డ్ డిస్క్ ఇచ్చిన డే అండ్ నైట్ జంక్షన్ దుకాణదారుకూ నమస్కారాలు. అయ్యో, అసలు ఆ ఆర్కైవ్ ఫోల్డర్ దారిని సెట్టింగ్‌లో రాసిపెట్టి, ఎప్పుడో ఉద్యోగం మారి వెళ్లిన మా పాత సహోద్యోగి గారూ, మీ ఫోన్ నంబరు కోసం రేపు ఉదయమే వాకబు చేస్తాను.