పత్తి బేళ్ల మీద పేలుడు సామగ్రి

సంపాదకులకు,

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు అంతటా సిబ్బంది బడులకు, బజార్లకు వచ్చి గ్యాసు సిలిండరు మంటను తడిగోనెతో ఎలా ఆర్పాలో చూపిస్తారు. 1944లో బొంబాయి రేవులో ప్రాణాలిచ్చిన 66 మంది అగ్నిమాపక సిబ్బందికి నివాళి అర్పిస్తారు. చాలాసార్లు కథ అక్కడితో ఆగిపోతుంది. వాళ్లెందుకు చనిపోయారో తెలియాలంటే అక్కడ పేలిపోయిన ‘ఫోర్ట్ స్టికీన్’ అనే సరుకు ఓడలో ఏది ఎక్కడ పేర్చారో తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోతున్న ఓడల లోటు తీర్చడానికి కెనడాలో వరసబెట్టి కట్టిన ‘ఫోర్ట్’ తరగతి ఆవిరి ఓడల్లో ఇదొకటి. 1942లో ప్రిన్స్ రూపర్ట్‌లో తయారైంది. 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి సుమారు 1,395 టన్నుల పేలుడు సామగ్రితో, బంగారు కడ్డీల పెట్టెలతో బయలుదేరింది. కరాచీలో కొంత సరుకు దించి, ఖాళీ అయిన చోట్లలో 8,700 పత్తి బేళ్లు (గట్టిగా అదిమి కట్టిన మూటలు), కందెన నూనె పీపాలు ఎక్కించారు. ఏప్రిల్ 12న బొంబాయి చేరింది. రెండో నంబరు హోల్డులో, అంటే ఓడ కడుపులోని సరుకు గదిలో, అడుగున పత్తి, దాని పై అంతస్తులో పేలుడు సామగ్రి. పొయ్యి మీది అటకలో బాణసంచా దాచినట్టే.

14న మధ్యాహ్నం రెండు గంటల వేళ ఆ హోల్డులోంచి పొగ కనిపించింది. తర్వాత రెండు గంటల్లో 900 టన్నులకు పైగా నీళ్లు పోశారు. అయినా ఆరలేదు. ఎందుకో మన రైతులకు చెప్పనక్కర్లేదు. గడ్డివామి రాజుకుంటే పైన ఎన్ని బిందెలు కుమ్మరించినా లోపల కమురుతూనే ఉంటుంది. పత్తి బేలు అంతకంటే మొండిది. ఇప్పటి మన బేలు 170 కిలోలు. అంత గట్టిగా అదిమినా పోగుల మధ్య గాలి మిగిలే ఉంటుంది, ఆ కాస్త గాలి చాలు నిప్పు నెమ్మదిగా పాకడానికి. పై పొర తడిసి బిగుసుకుంటే నీళ్లు లోపలికి దిగవు. పైగా ఘనమీటరుకు 450 కిలోల దాకా ఉండే బేలు నీటిలో మునగదు, తేలుతుంది. హోల్డులో నీటిమట్టం పెరిగేకొద్దీ మండుతున్న బేళ్లు పైకి, అంటే పేలుడు సామగ్రి వైపుకు లేచాయి. ఆర్పడానికి పోసిన నీళ్లే నిప్పును దాని దగ్గరకు మోసుకెళ్లాయి.

ఓడ హోల్డులో పత్తి అంటుకుంటే మొదట చేయాల్సింది గాలి ఆపడం. గాలి గొట్టాలు మూసి, హాచీల (హోల్డు పైన సరుకు దించే నోళ్ల) మీద పలకలు పరిచి, టార్పాలిన్ బిగించి లోపలికి ఆవిరి వదలాలి. నిప్పు ఎక్కడుందో పైనుంచి తెలియకపోతే ఓడ పక్కరేకు చూడాలి. రంగు బుడగలెత్తిన చోట లోపల మంట ఉన్నట్టు. ఆ రోజు ఓడను బయటికి లాగాలా, అక్కడే ముంచాలా అన్నది తేలేలోపే సమయం మించిపోయింది. 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు, 4 గంటల 34 నిమిషాలకు రెండోది. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలోని సిమ్లాలో భూకంప యంత్రం ఆ కదలికను నమోదు చేసింది. పేలుడు ధాటి ‘జలపద్మ’ అనే మరో ఓడను ఎత్తి గట్టు మీద పడేసింది. మరణాలు 800 నుంచి 1,300 దాకా అని లెక్కలు చెబుతాయి. యుద్ధకాలపు సెన్సారు వల్ల మన పత్రికల్లో ఈ వార్త మే నెల దాకా రాలేదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జిన్నింగు మిల్లులు (పత్తి నుంచి గింజ వేరుచేసేవి), పొగాకు గోడౌన్లు, పక్కనే కృష్ణపట్నం రేవు ఉన్నాయి. కాబట్టి వారోత్సవాల్లో సిలిండరుతో పాటు బేలు నిప్పు ఎలా ఆర్పాలో కూడా చూపించాలని అగ్నిమాపక శాఖను కోరుతున్నాం. జిన్నింగులో రాయో ఇనుప ముక్కో తగిలి పుట్టిన రవ్వ బేలులో చిక్కుకుంటే బయటికి తెలియకుండా రోజుల తరబడి రాజుకుంటుంది. కమురు వాసన వచ్చిన బేలును స్టాకులో పెట్టకూడదు. బయట ఖాళీ స్థలానికి తీసుకెళ్లి, నీటి గొట్టం సిద్ధంగా పెట్టుకున్నాకే పట్టీలు కోయాలి, ఎందుకంటే గాలి తగలగానే భగ్గుమంటుంది. పొరలు పొరలుగా విప్పి ప్రతి పొరనూ తడపాలి. అలాంటి బేలు పుట్టిన లాటులోని మిగతా బేళ్లను కూడా వేరుగా ఉంచి కొన్నాళ్లు కనిపెట్టుకోవాలి. బేళ్ల మీదా పక్కనా నూనె డబ్బాలు, పురుగుమందులు, రంగులు పెట్టకూడదు. ఈ ఒక్కటి జాగ్రత్తగా చూసే గోడౌన్లు తక్కువ. తనిఖీకి వెళ్లే అధికారులు మొదట చూడాల్సింది అదే.

— కొందరు విశ్రాంత మర్చంట్ నేవీ ఇంజినీర్లు, నెల్లూరు